తాలు తీసిన రాళ్లు

ముందు కురుమూర్తి గొంతు సంగతి చెప్పాలి. ఆయన ఇంట్లో పెళ్లాం మీద కేకేస్తే చెలకలో ఎడ్లు నాగలితో సహా ఆగిపోయేవని తెల్లగుట్టపల్లెలో అనుకునేవాళ్లు. పప్పులో ఉప్పు ఎక్కువైతే అరుపు, తక్కువైతే అరుపు, సరిపోతే ఈ వేళ ఎట్లా సరిపోయిందని అరుపు. చెయ్యి మాత్రం ఏనాడూ ఎత్తలేదు, అది ఒప్పుకోవాలి. అలివేలమ్మ ఇరవై రెండేళ్లు ఆ అరుపుల మధ్యనే వండింది, జొన్నలు విసిరింది, కలుపు తీసింది, ఇద్దరు ఆడపిల్లలకు పెళ్లిళ్లు చేసి పంపింది. వానాకాలంలో కప్పల చప్పుడు ఎవరైనా పట్టించుకుంటారా? ఆమెకూ అంతే.

తెల్లగుట్టపల్లె కొత్తకోటకు రెండు కోసుల దూరం, వనపర్తి సంస్థానంలోది. రెండో ప్రపంచయుద్ధం ఇంకా మొదలుకాని రోజులు. కురుమూర్తికి ఆరెకరాల ఎర్రచెలక ఉండేది. జొన్న, ఆముదాలు, వాన దేవుడు దయతలిస్తే కాసిన్ని కందులు పండేవి. ఆ చెలకకు నీళ్లు పెట్టుకుందామని పన్నెండేళ్ల కింద వడ్డె బాలన్నను పిలిచి బావి తవ్వించాడు. మూడు నెలలు తవ్వారు. నాలుగు నిలువుల లోతున తెల్లబండ తగిలింది. నీటి చుక్క లేదు. బండలో ఒకచోట గూడులాంటి తొర్ర పడి, అందులో వేలెడు పొడుగు రాళ్లు బయటికి పొడుచుకుని కనిపించాయి. ఒక్కోదానికి ఆరు పలకలు, ఎవరో కొలిచి చెక్కినట్టు. రంగు చూస్తే, నిండిన బావిలోకి పొద్దున్నే తొంగిచూసినప్పుడు అడుగున కనిపించే నీళ్ల రంగు. నీళ్లకు బదులు నీళ్ల రంగొచ్చిందని బాలన్న నవ్వాడు, ఊరంతా నవ్వింది. కురుమూర్తి నవ్వలేదు. ఒక రాయి పట్టుకుని ఎండలో తిప్పుతూ పొద్దు వాలేదాకా అక్కడే కూర్చున్నాడు.

ఆనాటితో పట్టుకుంది ఆయనకు రాళ్ల పిచ్చి. వాగులో దానిమ్మ గింజల్లాంటి ఎర్రరాళ్లు ఏరుకొచ్చాడు. చుట్టాల ఇంటికని నాగర్‌కర్నూలు దిక్కు పోయి, చుట్టాలను చూశాడో లేదో గానీ, గుట్టెక్కి ఊదారాళ్లు మూట కట్టుకొచ్చాడు. బలపాల్లాంటి నల్లకడ్డీలు, కాకిబంగారం, అదే అభ్రకం, రేకుల్లో ఇరుక్కున్న తెల్లరాళ్లు, అన్నిటికంటే ఎక్కువగా ఆ ఎండిన బావి నీలిరాళ్లు. మొత్తం నలభై ఒకటి. ఒక్కోదాన్ని పాతగుడ్డలో చుట్టి, జొన్నపొట్టు పోసిన సందుగలో పిల్లల్ని పండబెట్టినట్టు పండబెట్టాడు. ప్రతిదానికీ అడుగున ఇంత మురికిబండ అంటుకుని ఉండేది. దాన్ని ముట్టనిచ్చేవాడు కాడు. ఎందుకని ఆమె అడగలేదు, ఇందుకని ఆయన చెప్పలేదు. అన్నిటికీ గొంతు చించుకునే మనిషికి తనకిష్టమైనదాని గురించి చెప్పుకోవడానికి మాత్రం నోరు పెగిలేది కాదు. మగవాళ్లలో ఇట్లాంటివాళ్లు చాలామందే ఉంటారు లెండి.

ఊరు ఆయనకు రాళ్ల పిచ్చోడని పేరు పెట్టింది. అలివేలమ్మ కూడా వెనకాల అనేది, అబద్ధమెందుకు. ఒకసారి వడియాల మీదికొచ్చిన కోడిని అదిలించడానికి చేతికందిన నల్లకడ్డీ ఒకటి విసిరింది కూడా. ఆ అరుపులు మూడు రోజులు సాగాయి.

కొత్తకోట మిషను బడిలో యోసేపు అని పంతులుండేవాడు. కురుమూర్తి రాళ్ల విలువ తెలిసినవాడు ఆ చుట్టుపక్కల ఆయనొక్కడే. ఆయన ద్వారా కబురొచ్చింది, హైదరాబాదులో డాక్టరు పని చేసి పింఛను తీసుకున్న పెద్దాయన ఒకరు ఇట్లాంటి రాళ్లు పోగుచేస్తారనీ, అవి చూడ్డానికి వస్తారనీ. ఆయన ఇంట్లో గోడల నిండా అద్దాల బీరువాలట. ప్రతి రాయి కింద చీటీ పెడతారట. ఏ ఊరి రాయి, ఎవరికి దొరికింది, అన్నీ అందులో రాస్తారట.

“ఎవలికి దొరికింది, గది గూడ రాస్తరా?” అని కురుమూర్తి రెండుసార్లు అడిగాడట. ఇంటికొచ్చి పొయ్యి ముందు కూర్చుని, ఆ సాయంత్రమంతా ఒక్క కేక కూడా వేయలేదు. మంట వెలుగులో ఆయన మొహం చూసింది అలివేలమ్మ. ఊరంతా నవ్వితే నవ్వింది, తానెందుకు నవ్వినట్టు? చీటీ మీద తన పేరు పడుతుందని చిన్నపిల్లాడిలా మురిసిపోతున్న ఈ మనిషి, పన్నెండేళ్లు ఎవరూ మెచ్చుకోకుండానే ఆ రాళ్లను సాకాడు. వచ్చే పెద్దమనిషి ముందు ఈయనకు తలవంపులు రాకూడదని ఆమె గట్టిగా అనుకుంది. అదే కొంప ముంచింది.

ఆదివారం పొద్దున్నే కురుమూర్తి కొత్తకోటకు పోయాడు, మర్నాడు డాక్టరు వచ్చే ఏర్పాట్లు యోసేపుతో మాట్లాడుకోవడానికి. అలివేలమ్మ సందుగ మూత తీసింది. ఒక్కో రాయి చూస్తుంటే ఆమెకు సిగ్గేసింది. పైన అంత చక్కని మెరుపు, కింద పెచ్చులు పెచ్చులుగా బండ, ఇసుక, కాకిబంగారం పొట్టు. ఇట్లాగేనా పరాయివాళ్ల చేతికిచ్చేది? ముట్టొద్దన్న మాట ఇంట్లో ఉన్నన్నాళ్లకే, గడప దాటేటప్పుడు కాదనుకుంది.

ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. ఇంట్లో తినే గింజలు ఒకసారి చెరగాలి, గడప దాటే గింజలు రెండుసార్లు చెరగాలి. కొత్తకోడలిగా వచ్చిన నాడే అత్త ఆమె చేతికి చాట ఇచ్చి చెప్పిన మొదటి మాట అది. తాలుతో, మట్టిబెడ్డలతో గింజ బయటికి పోయిందంటే ఆ ఇంటి ఆడదాని పరువు పోయినట్టే. కరువు ఏళ్లలో కూడా అలివేలమ్మ ఈ మాట తప్పలేదు. పదిమంది మెచ్చిన ఆ పద్ధతే ఆమెను మోసం చేసింది.

చూరులోంచి ఉలి తీసింది. విసుర్రాయి అరిగి నున్నబడితే దాన్ని ఉలితో మళ్లీ గరుకు చేయడాన్ని కక్కు కొట్టడం అంటారు. ఊరూరా తిరిగి ఆ పని చేసేవాళ్లు ఒక ఏడు రాకపోతే ఆమె తనే నేర్చుకుంది. తర్వాత ఊళ్లో సగం ఇళ్ల విసుర్రాళ్లకు ఆమే కక్కు కొట్టింది. ఆ ఉలితో, ఆ చేత్తో, బియ్యంలో రాళ్లేరినంత ఓపికగా రాళ్లలో రాళ్లేరడానికి కూర్చుంది. బండను పెచ్చు పెచ్చుగా లేపి, నీలిరాయిని నీలిరాయిగా, ఎర్రరాయిని ఎర్రరాయిగా విడదీసింది. పశువులు ఇల్లు చేరేవేళకు నలభై ఒక్కటీ అయిపోయాయి. చింతపండుతో తోమి, కుంకుడు నురగలో కడిగి, చాటలో ఆరబోసింది. రాలిన పెచ్చులన్నీ తట్టకెత్తి కొట్టంలో గిట్టలు దిగబడే బురదలో పోసి తొక్కింది. పక్కింటి శాంతమ్మ నిప్పుకోసం వచ్చి, ఆ చాట చూసి నోరు తెరిచింది. అచ్చం సంతలో గాజుల దుకాణం లాగుందని అంది.

ఇరవై రెండేళ్ల కాపురంలో మొగుడి రాక కోసం అంత ఇష్టంగా ఎదురుచూసిన సాయంత్రం ఆమెకు ఇంకొకటి లేదు.

కురుమూర్తి వచ్చాడు. అప్పటికే ఆయన కళ్లకు పొరలు కమ్మి చూపు మసకబారుతోంది. చాట దగ్గర కూర్చుని ఒక రాయి తీసి, అడుగుభాగం బొటనవేలితో తడిమాడు. దాన్ని పెట్టి ఇంకోటి తీశాడు. తర్వాత ఇంకోటి. అయిదో రాయి దగ్గర ఆయన చెయ్యి ఆగింది. అలివేలమ్మ మెచ్చుకోలు కోసం చూసింది. ఆయన మొహం చూశాక, ఇక అరుపు కోసం చూసింది. రెండూ రాలేదు. రాళ్లన్నీ ఒక్కొక్కటే సందుగలో పెట్టి, కంచం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

సోమవారం పొద్దున కచ్చురం బండిలో డాక్టరు, యోసేపు వచ్చారు. డాక్టరు తెల్లగడ్డం, సన్నని మనిషి, హైదరాబాదు తెలుగు మాట్లాడేవాడు. వాకిట్లో మంచం వేసి దుప్పటి పరిచారు. ఊళ్లో పనిలేనివాళ్లంతా పోగయ్యారు, పని ఉన్నవాళ్లు కూడా వచ్చారు. డాక్టరు మొదటి రాయి చూసి ఆనందంగా తలెత్తాడు. పదో రాయికి ఆయన మొహంలో కళ పోయింది. వీటిని బండ నుంచి ఎవరు విడగొట్టారని మెల్లగా అడిగాడు.

“నేనే దొరా,” అన్నాడు కురుమూర్తి. “కండ్లు మసకలొచ్చినయ్. సాపు చేద్దామని కొట్టుకున్న.”

జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. పన్నెండేళ్లు దాచి, దొర వచ్చే ముందురోజు పగలగొట్టుకున్నాడంటే పిచ్చోడు కాక మరెవరు? తలుపు వెనక నిలబడ్డ అలివేలమ్మకు ఏం జరిగిందో ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. యోసేపు పక్కవాళ్లకు చెబుతుంటే అర్థమైంది. ఇట్లా పోగుచేసేవాళ్లకు రాయి మెరుపొక్కటే కాదట. ఆ రాయి ఎక్కడ పుట్టింది, దేన్ని పట్టుకుని పెరిగింది, పక్కన ఏమేం ఉన్నాయి, అంతా చెప్పేది ఆ మురికిబండేనట. అది పోయాక ఇది అంగట్లో పూసతో సమానమట. ఈ రాళ్లు ఇక బీరువాకు పనికిరావట.

అలివేలమ్మ తలుపు రెక్క వదిలేసింది. తన తప్పును ఆయన నెత్తినేసుకున్నాడు. ఊరు ఆయన్ను చూసి నవ్వుతోంది. ఇక ఆగలేక, మగవాళ్ల మధ్యకు ఏనాడూ రాని మనిషి వాకిట్లోకి వచ్చేసింది.

“ఆయన గాదు దొరా. నేను కొట్టిన. తాలుతోని గింజ ఎవలకూ ఇయ్యం గదా, గట్లనే అనుకున్న. నాకు తెల్వదు.”

డాక్టరు జేబులోంచి భూతద్దం తీసి రాళ్లను మళ్లీ మొదటి నుంచి చూశాడు. ఏ అంచూ చిట్లలేదు. ఏ పలక మీదా గీత పడలేదు. దేంతో కొట్టావని అడిగితే ఆమె ఉలి చూపించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, హైదరాబాదులో తన పనివాళ్లెవరికీ ఇంత నేర్పు లేదని యోసేపుతో అన్నాడు. తర్వాత ఆమెకేసి తిరిగాడు.

“బండను ఇడిసి రాయిని తీసిన చెయ్యి, బండతోటి కలిపి గూడ తియ్యగలుగుతది అమ్మా. భూమిలో ఇంకేమన్న మిగిలిందా?”

మిగిలింది. ఊరంతటికీ తెలుసు. ఎండిన బావి గోడలో, తెల్లబండ మీద నాలుగు నీలిరాళ్లు ఒకే గుత్తిగా ఉన్నాయి, ఒకటి చిన్నది, మిగిలినవి జానెడు పొడుగువి. తీయబోతే విరుగుతాయన్న భయంతో కురుమూర్తి పన్నెండేళ్లుగా వాటిని ముట్టలేదు, బాలన్నను ముట్టనీయలేదు. ఆ సంగతి తలొంచుకుని చెప్పాడు. డాక్టరు గద్వాలకు పోతున్నాడు, బీచుపల్లి దగ్గర పుట్టిలో కృష్ణ దాటి. శనివారం ఇదే దారిన తిరిగొస్తానని, అప్పటికి చూద్దామని చెప్పి లేచాడు.

కురుమూర్తి డాక్టరుతో మాట్లాడాడు, యోసేపుతో మాట్లాడాడు, బండివాడితో కూడా మాట్లాడాడు. అలివేలమ్మతో మాత్రం ఒక్క ముక్క లేదు. ఆ సాయంత్రం ఆమె అన్నం పెట్టి ఎదురుగా కూర్చుంది.

“తిట్టు. ఒక్క మాటన్న తిట్టు. నువ్వు గిట్ల మూగోని లెక్క కూసుంటే నా పాణం పోతున్నది.”

ఆయన సగం తిని చెయ్యి కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయాడు. ఆమెకు అప్పుడు నిజంగా భయమేసింది. నలభై ఒక్క రాళ్లు పోయినందుకు కాదు. ఇరవై రెండేళ్లుగా ఇల్లంతా నిండి ఉన్న ఆ గొంతు ఇక తన కోసం ఎప్పటికీ లేవదేమోనని. ఇన్నేళ్లూ అది పీడ అనుకుంది. ఇప్పుడు ఆ పీడ కోసమే ఏడుపొచ్చింది.

మంగళవారం పొద్దున్నే రొట్టెలు, పప్పు చేసిపెట్టి, ఉలి, సుత్తె కొంగులో కట్టుకుని ఎండిన బావిలోకి దిగింది. గోడలో వడ్డెలు కొట్టిన మెట్ల గుంతలే ఆధారం. గుత్తి దగ్గర నిలబడడానికి చెయ్యెడు రాతిగట్టు ఉంది. నీలిరాళ్ల చుట్టూ జానెడు బండ వదిలి ఉలి ఆనించి కొట్టింది. రెండో దెబ్బ, మూడో దెబ్బ. నాలుగో దెబ్బకు చివరన ఉన్న చిన్న నీలిరాయి ఊడి ఆమె కాళ్ల దగ్గర పడింది. విసుర్రాయి మీద పనికొచ్చే దెబ్బ ఇక్కడ పనికిరాదు, అదిరితే చాలు రాళ్లు ఊడతాయి. ఆ చిన్నరాయిని అరచేతిలో పెట్టుకుని అక్కడే కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. తీయకపోతే ఆయనకు ఏమీ మిగలదు, తీస్తే ఇదీ పోతుంది.

కాసేపటికి తాడు కదిలిన చప్పుడైంది. తట్ట ఒకటి కిందికి దిగుతోంది. అందులో కుండెడు నీళ్లు, పిడికెడు ఎండుకట్టె మేకులు ఉన్నాయి. వేలంత లావున, కొసలు సన్నగా చెక్కిన మేకులు. తలెత్తి చూసింది. బావి అంచున కురుమూర్తి కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు, ఆమె ఏడుపు ఎంతసేపు విన్నాడో తెలియదు.

మేకులు చూడగానే ఆమెకు బాలన్న వాళ్ల పని గుర్తొచ్చింది. బండకు వరసగా బెజ్జాలు చేసి, ఎండుమేకులు దిగ్గొట్టి నీళ్లు పోస్తే, కట్టె ఉబ్బి బండ దానంతటదే చీలుతుంది. పెద్ద దెబ్బ పడదు, అదురు ఉండదు. చిన్నరాయిని తట్టలో వేసి పైకి పంపింది. కురుమూర్తి దాన్ని తడిమి ధోవతి కొసన ముడేసుకున్నాడు.

అక్కణ్నుంచి నాలుగు రోజులు ఆ బావిలో విచిత్రమైన కాపురం సాగింది. కింద ఆమె ఉలిని తిప్పుతూ, చిన్నగా తట్టుతూ బెజ్జాలు చేసేది. పైన ఆయన మేకులు చెక్కేవాడు. మధ్యాహ్నం తట్టలో రొట్టె, ఉల్లిగడ్డ దిగేవి. ఆయనకు లోపలిది కనిపించదు, కానీ ఉలి చప్పుడు వినిపిస్తుంది. చప్పుడు డొల్లగా మారితే చేతికర్రతో అంచు మీద ఒక్క దెబ్బ వేసేవాడు. ఆమె ఆపి, ఉలిని రెండంగుళాలు జరిపేది. మాట మాత్రం లేదు. చేతుల్లో బొబ్బలు చితికి ఉలికి అంటుకున్నా ఆమె పైకి చెప్పలేదు. ఎవరితో చెబుతుంది?

శుక్రవారం పొద్దు వాలేటప్పటికి మేకులన్నీ దిగాయి. నీళ్లు పోసింది. శనివారం తెల్లారి మళ్లీ పోసింది. గుత్తి కింద గడ్డి పరిచి, దాని మీద తన పాతచీర నాలుగు మడతలు వేసి, రెండు చేతులూ చాచి నిలబడింది. పొద్దు నడినెత్తికొచ్చేవేళ బండలో టప్పుమని ఒక చిన్న చప్పుడు. అంతే. మూడు నీలిరాళ్లూ నిలబడినవి నిలబడినట్టే, కింద తెల్లబండతో, పక్కన కాకిబంగారం రేకులతో, పసిపిల్లంత బరువుగా ఆమె చేతుల్లోకి వచ్చాయి.

పైన అప్పటికే డాక్టరు, యోసేపు వచ్చి నిలబడ్డారు. బాలన్న, కురుమూర్తి కలిసి తట్టను నెమ్మదిగా పైకి లాగారు. అలివేలమ్మ మెట్ల గుంతలు పట్టుకుని ఎక్కి వచ్చేసరికి తట్ట నేల మీద ఉంది. డాక్టరు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. కురుమూర్తి మోకాళ్ల మీద కూర్చుని, మసక కళ్లు రాళ్లకు ఆనేంత దగ్గరగా పెట్టి చూస్తున్నాడు. పన్నెండేళ్లుగా దూరం నుంచి చూసుకున్నది ఇప్పుడు ఆయన ఒళ్లో ఉన్నట్టుంది.

అలివేలమ్మకు మాత్రం రాళ్ల మీద ఎర్రమట్టి కనిపించింది. నడిమి రాయికి అడ్డంగా ఇంత బురద మరక. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనిషి చూస్తున్నాడు. ఆమె ప్రమేయం లేకుండానే చెయ్యి కొంగు అందుకుంది, నాలుకతో తడి చేసింది, ముందుకు చాచింది.

“చెయ్యి తియ్!”

చెలకలో ఎడ్లు ఆగిపోయాయో లేదో తెలియదు గానీ బాలన్న చేతిలో తాడు జారిపోయింది.

“ముట్టినవంటే చూడు! ఏం మనిషివే నువ్వు, ఒక్కసారి జరిగితే బుద్ధి రాదా? చెరుగుడు, తుడుసుడు, కడుగుడు, గా చేతులు జర ఊకుండయా? మంగళారం పప్పుల ఉప్పెంత ఏసినవ్? నోట్ల పెట్టనీకి రాలె. లేగదూడను కట్టెయ్యకుండ పోతివి, పాలన్ని అదే తాగె. తాడు నడుముకు కట్టుకోకుండ దిగుతవా నాలుగు నిలువులు? నీకేమన్న పిచ్చా? కాలు జారితే నేనేం జెయ్యాలె? ఆఁ? నేనేం జెయ్యాలె?”

అలివేలమ్మ పక్కనున్న బావి మట్టికుప్ప మీద కూలబడి, తడిపిన కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆరు రోజుల బరువు ఒక్కసారి దిగితే మనిషికి ఏడుపు కాక ఇంకేం వస్తుంది.

ఆడమనిషిని అట్లా తిడుతుంటే చూడలేక డాక్టరు అడ్డుపోబోయాడు. యోసేపు ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. ఆయన ఆరు దినాల నుంచి ఆమెతో మాట్లాడలేదని, జర ఆగమని చెవిలో చెప్పాడు. డాక్టరుకు అర్థమైంది. కోటు జేబులోంచి చీటీ, కలం తీసి మెల్లగా అడిగాడు, దొరికిన చోటు తెల్లగుట్టపల్లె అని రాసుకున్నాను, పేరు కురుమూర్తి అనే గదా రాయాలని.

“నాదెందుకు దొరా? నేను మీదికెళ్లి చూసుకుంట కూసున్నోన్ని. తీసింది గా మట్టికుప్ప మీద కూసున్న మనిషి. అలివేలమ్మ అని రాయుండ్రి,” అని కురుమూర్తి ఆమెకేసి తిరిగాడు. “ఏడుసుడు ఇగ సాలు, చేతులట్ల చూపియ్. ఇట్లైనంక చెప్పొద్దా? నోరు లేదా నీకు?”

అలివేలమ్మ ముక్కు తుడుచుకుని, బొబ్బల చేతులు రెండూ చాచి, ఇంకా ఏమేం తిట్లు మిగిలాయో వినడానికి ఆయనకు కాస్త దగ్గరగా జరిగింది.